పదకొండు రోజులు తిరిగిన గాజు కడ్డీ

మా పరిశోధనశాలలో ఒక నియమం ఉంది. వ్యాసంలో వాక్యం ఖాయమయ్యేదాకా ఆ వాక్యంలోని ప్రయోగం ఆగకూడదు. ఎవరు పెట్టారో ఏమో, నేను చేరేటప్పటికే అద్దం బిగించి గోడకు వేలాడదీశారు. ఇంగ్లిషు వాక్యాలు ఖాయం చేసేది నేను. గాజు కడ్డీతో బీకరులో ద్రావణం కలిపేది మా చెల్లెలి మొగుడు.

అతను కలపడం మొదలుపెట్టి పదకొండు రోజులైంది. ఇందులో నా తప్పేం లేదు! ‘స్టర్డ్ సొల్యూషన్’ అనాలా, ‘స్టర్రింగ్ సొల్యూషన్’ అనాలా? కలిపిన ద్రావణమా, కలుపుతున్న ద్రావణమా? ఇలాంటివి తొందరపెడితే తేలేవి కావు.

“బావా, ఏదో ఒకటి రాసెయ్యవయ్యా. చెయ్యి పడిపోతోంది.”

“ఏదో ఒకటా? నోటికొచ్చింది రాయడానికి ఇదేమన్నా ఉత్తరమా?” నాకు ఒళ్లు మండింది.

అతను నిలబడే నిద్రపోయాడు. స్టోర్ కీపరు అన్నం తినిపించాడు. ఆరో రోజున అతనికి కొడుకు పుట్టాడు. ఫోను అతని చెవికి ఆనించి పట్టుకున్నది నేనే. పసివాడి ఏడుపు విని అతనూ ఏడ్చాడు, చెయ్యి మాత్రం ఆపలేదు. ఆపితే ఉద్యోగం ఊడుతుంది. నేను వెళ్లి ఇంకో నిఘంటువు తెచ్చుకున్నాను.

పదకొండో రోజు చెల్లెలు బిడ్డనెత్తుకుని నేరుగా ప్రయోగశాలకే వచ్చింది. బీకరును చూసింది, మొగుణ్ణి చూసింది, నా వైపు తిరిగింది.

“అన్నయ్యా, ఈ నీళ్లు వాటంతటవే తిరుగుతున్నాయా?”

“లేదమ్మా. మీ ఆయన తిప్పుతున్నాడు.”

“మరి ఆ సంగతి తెలుసుకోడానికి నీకు ఇన్ని రోజులా?”

ద్రావణం తనంతట తాను దేన్నీ కలపదు, దాన్ని ఎవరో కలుపుతారు. కాబట్టి ‘స్టర్డ్’. అంతే! ఆ ఎవరో ఇన్నాళ్లూ నా ఎదుటే నిలబడి ఉన్నాడు. చచ్చేంత సిగ్గేసింది. ఆ మాటే రాసి, వాక్యం ఖాయమైనట్టు కింద సంతకం పెట్టాను.

అతను కడ్డీ వదిలేసి కొడుకును ఎత్తుకున్నాడు. కుడిచెయ్యి ఆగలేదు, పిల్లవాడి వీపు మీద గుండ్రంగా తిరుగుతూనే ఉంది. వాడికి హాయిగా నిద్రపట్టింది.

“పేరేం పెడుతున్నారు?” అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని. “రెండు మూడు అనుకుంటే చెప్పండి, ఏది సరైనదో నేను చూసి...”

“వద్దు!” ఇద్దరూ ఒకేసారి అరిచారు. పిల్లవాడు ఉలిక్కిపడి లేచాడు.

ముగ్గురూ గుమ్మం దాటి వెళ్లిపోయారు. వాణ్ణి ఒక్కసారైనా నా చేతికివ్వలేదు.