బోర్డు మీద నెదెల్కా

ఆ ఉదయం ఆకాశం రోడోపి కొండల మీంచి దిగి మా కంచెల దాకా వచ్చేసింది. అంతా పొగమంచు. కారు అద్దం తుడుస్తుంటే పక్కింటి గీన్యో వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. ముందు సీటు నా భార్య నెదెల్కాది. ఆమె పోయినప్పటినుంచి అందులో ఎవరూ కూర్చోలేదు. కూర్చోవద్దని నేను ఎవరికీ చెప్పలేదు.

పార్కింగ్ జరిమానా మీద నేను పెట్టుకున్న అర్జీ పరిశీలిస్తామని పట్నం మునిసిపాలిటీ వాళ్ళు పిలిచారు. ఆ జరిమానా కడితే ఈ చలికాలం నా కట్టెలు సగానికి తగ్గుతాయి. అర్జీ గీన్యోయే రాశాడు. నాకు రాయడం రాక కాదు, అన్ని మాటలు రావు. ఇంట్లో మా ఇద్దరి మాటలూ నెదెల్కాయే మాట్లాడేది.

జరిగింది ఇంతే. ఆమె పోయి ఆరు నెలలు నిండిన రోజున, మా వైపు అందరిలాగే నేనూ ఆమె ఫొటోతో సంతాప కాగితాలు కొత్తగా అచ్చు వేయించాను. ఒకటి మా తలుపుకి, ఒకటి బస్టాపులో, ఒకటి చర్చి గోడకి. చివరిది పట్నంలో ఆమె పనిచేసిన కుట్టు కార్ఖానా ఎదుట అంటించాలి. అక్కడ కారు ఆపి దిగాను. వానకి స్తంభం నానిపోయి టేపు నిలవలేదు. స్తంభానికి బిగించిన రేకు మాత్రం నున్నగా ఉంది. చేతిగుడ్డతో తుడిచి దాని మీద అంటించాను, గేటు దాటి వచ్చే ఆడవాళ్ళ కళ్ళకి సరిగ్గా ఎదురుగా. రేకు మీద ఏం రాసుందో చదవలేదు. ఆమె మొహం వంకర లేకుండా వచ్చిందా అన్నదే చూశాను. లోపల ఆమె తోటివాళ్ళకి ఆమె పేరున ఉడికించిన గోధుమలు పంచి వచ్చేసరికి, వైపరు కింద జరిమానా చీటీ ఉంది.

"బోర్డే కనపడకపోతే జరిమానా ఎక్కడిదిరా వెల్కో?" అన్నాడు గీన్యో. బోర్డు కాగితంతో కప్పి ఉందని రాశాడు. అందులో అబద్ధం లేదు కదా అన్నాడు. సంతకం పెట్టాను.

ఆఫీసులో నలభై ఏళ్ళావిడ కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. ఫొటోలో నా కారు, స్తంభం, రేకు మీద నెదెల్కా. వానలో తీసిన ఫొటో మసగ్గా ఉన్నా నవ్వు తెలుస్తోంది.

ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. బండి పెట్టేటప్పటికే బోర్డు కప్పి ఉంటే జరిమానా చెల్లదట. నేను ఔనంటే చాలట, అక్కడికక్కడే కొట్టేస్తుందట. ఆ కాగితాన్ని ఎలాగూ ఇవాళ గీకించేస్తారట.

"ఎవరో పోయినావిడండీ. ఇంటివాళ్ళు ఎక్కడ పడితే అక్కడ అంటించేసి పోతారు. మీరేం చేస్తారు పాపం," అంది.

ఔను అన్నది ఒక్క మాట. నేను మామూలుగా ఆడేదీ అంతే. మళ్ళీ తెర వైపు చూశాను.

"ఎవరో కాదమ్మా. మా ఆవిడ. బండి పెట్టాక నేనే అంటించాను."

ఆవిడ తెరని మళ్ళీ తన వైపు తిప్పుకుంది. తర్వాత, జరిమానా అలాగే ఉంటుందని, తన చేతిలో ఏమీ లేదని నెమ్మదిగా చెప్పింది. గీకేవాళ్ళు మధ్యాహ్నం దాటాక బయల్దేరతారని, ఈలోగా నేనే తీసుకోవచ్చని కూడా చెప్పింది.

బయట గీన్యో అంతా విని తల పట్టుకున్నాడు.

"ఏడాదికి పది మాటలు మాట్లాడేవాడివి. తెరవక తెరవక ఆ నోరు ఇవాళే తెరిచావూ?"

కార్ఖానా దగ్గర ఈసారి కారు అవతలి వైపు, పార్కింగ్ చీటీ కొని పెట్టాం. మంచు విడిపోయింది. స్తంభం ఆరి ఉంది. కత్తి మొనతో మూలలు లేపుతుంటే గీన్యో కింద రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. కాగితం చిరక్కుండా వచ్చింది. దాని వెనక, బండ్లు నిలపరాదని ఉంది. రేకుకి జానెడు కింద మళ్ళీ కాగితం పెట్టి, స్తంభం చుట్టూ టేపు వేశాం.

"కాస్త ఎడమకి," అన్నాడు గీన్యో.

కారు దగ్గర అతను వెనక తలుపు పట్టుకున్నాడు. నేను ముందు సీటు మీది రొట్టె సంచీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అతను తలుపు వదిలేసి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. రొట్టె విరిచి సగం ఇచ్చాను. ఉప్పు చీజు, కాల్చిన మిరపకాయలు ఉన్నాయి. కార్ఖానాలో భోజనాల గంట కొట్టారు. ఆడవాళ్ళు గేటులోంచి ఒక్కరొక్కరే వస్తున్నారు. మేమిద్దరం అటే చూస్తూ తిన్నాం.