కింది మడి వడ్లు

మా ఆయన సంగయ్య గురించి ఊళ్లో ఎవరినైనా అడగండి, మంచోడనే చెప్తారు. నా గురించి అడిగితే మాత్రం, అంగన్‌వాడీ టీచరమ్మ నోరు మంచిది కాదంటారు. అలాంటి నేను ఈ వానాకాలం పంట మొత్తం ఆ మంచోడి మాట విని నోరు కుట్టుకుని కూర్చున్నాను. తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

మాది కొండాపూర్ మండలంలో వాగు పక్క ఊరు. మాకు రెండు మళ్లున్నాయి. పై మడి కాస్త ఎత్తులో ఉంటుంది. కింది మడి వాగును ఆనుకుని ఉంటుంది. పెద్ద వాన పడితే కంపెనీల దిక్కు నుంచి వచ్చే నీళ్లన్నీ అందులోనే నిలుస్తాయి. పోయినేడు కోతకు ముందు యూనివర్సిటీ వాళ్లు వచ్చి రెండు మళ్లలోనూ కొన్ని కంకులు తెంపుకుపోయి పరీక్ష చేశారు. పై మడి గింజకు ఏ దోషమూ లేదన్నారు. కింది మడి గింజలో మాత్రం ఏదో లోహం ఉందట. తినగా తినగా అది ఒంట్లో పేరుకుపోతుందట, కడుపులో బిడ్డకైతే మరీ చెడ్డదట.

ఎండాకాలంలో ఆ మాట చెప్పడానికి వచ్చింది రవళి అనే సైంటిస్టు. చిన్న పిల్లే, మా బిడ్డకు అక్కలా ఉంటుంది. "ఈ మడిలో ఇక తిండిగింజ వద్దమ్మా. పత్తో, పూలో, నోట్లోకి పోని పంట ఏదన్నా పెట్టండి" అంది.

సంగయ్య నవ్వాడు. "మోకాలు లోతు బురదల పత్తి ఎట్ల పెడ్తరు మేడమ్? గది వరి మడి. వరి తప్ప ఇంకోటి కాదు."

ఆ పిల్ల నిజంగానే ఆలోచనలో పడింది. చివరికి కింది మడిని ప్రయోగానికి అడిగింది. సున్నం, కంపోస్టు వేసి నాలుగైదు రకాల వరి పెడతారు, ఏ రకం ఆ లోహాన్ని తక్కువ పీలుస్తుందో చూస్తారు. పంట వాళ్లే ఎత్తుకుపోయి పూడ్చేస్తారు, మాకు దాని విలువ కట్టిస్తారు. ఒక్క గింజ కూడా ఎవరి నోట్లోకీ పోకూడదు. "కోళ్లకు కూడా వేయొద్దు" అని నాకు మళ్లీ మళ్లీ చెప్పింది. నాట్లయ్యాక గట్టు మీద బోర్డు పాతించింది, ఈ మడి పంట తినరాదని.

మర్నాటికల్లా ఆ బోర్డు మా బర్రెల కొట్టంలో ఉంది.

"మన బియ్యం కోసం బీరంగూడ కెంచి కార్లేసుకొని వస్తరు" అన్నాడు సంగయ్య. "గా బోర్డు సూస్తే ఇగ మన గడప తొక్కుతరా? మనది ఒక్కటే గాదు, వాగు పొంటి ఎవ్వని వడ్లూ ఎవ్వడూ కొనడు. ఊరంత నా మీదికొస్తది. పరీక్షలయినంక ఆళ్లే మీటింగు పెట్టి చెప్తరట. గప్పటిదాంక నువ్వు జెర నోరు మూస్కో."

"మరి మనం తింటున్నయి?" అని అడిగాను. మా బిడ్డ రోజూ కాలేజీకి డబ్బాలో పెట్టుకుపోయేది ఆ అన్నమే.

"మనయి పై మడివే."

నమ్మాను. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను.

ప్రయోగమన్నాక ఏ రకానికి ఆ రకం వేరుగా కోయాలి. అందుకని మిషన్ పెట్టకుండా కూలీలతో కొడవలికోత కోయించారు. మా ఊళ్లో చేతికోత చూసి ఏళ్లయింది. చేతికోతలో కంకులు రాలతాయి. పనలు ఎత్తాక ఆ రాలిన కంకుల్ని కూలీలు ఏరుకుంటారు, దాన్నే పరిగె అంటాం. వద్దనే రైతు మా వైపు ఉండడు. వద్దన్నాడంటే వాడంత పిసినారి లేడని పిల్లల కాలం దాకా చెప్పుకుంటారు. రవళి మేడమ్ సంచులు కట్టించి, సీళ్లు వేయించి, బండెక్కించుకుని పోయింది. పాపం, ఆ పిల్లకు పరిగె సంగతి తెలియదు. మాకు తెలుసు గానీ తట్టలేదు.

సాయంత్రం సెంటర్‌కు తాళం వేసి వస్తుంటే కింది మడిలో పుష్పమ్మ వంగి కనిపించింది. పుష్పమ్మ మా పొలంలో ఎప్పటి నుంచో నాట్లేసే మనిషి. ఆమె కోడలు నిషితకు ఏడో నెల. రోజూ మధ్యాహ్నం నా సెంటర్‌కే వచ్చి అన్నం, పప్పు, గుడ్డు తిని, పాలు తాగి పోతుంది. పుష్పమ్మ కొంగు నిండా కంకులున్నాయి. సంగయ్య గట్టు మీద నిలబడి, అక్కడేదో సినిమా ఆడుతున్నట్టు వాగు వైపు చూస్తున్నాడు.

"మా కోడలికి కొత్తబియ్యం బువ్వ మీద పానం గొట్టుకుంటుంది టీచరమ్మా" అంది పుష్పమ్మ. "దేవుడిచ్చినట్టు మీరు చేతికోత పెట్టిండ్రు. రేపు ఎండబెట్టి, దంచి వండి పెడ్త."

సంగయ్య వైపు చూశాను. అతను వాగు వైపే చూస్తూ, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఇక నా తెలివి చూడండి.

"పుష్పమ్మా, గవి నాకియ్యి. ఇంట్ల పాతబియ్యం ఉన్నయి, రెండింతలిస్త. కడుపుతోని ఉన్నోళ్లకు పాతయే మంచియి" అన్నాను.

పుష్పమ్మ నడుం నిలబెట్టి నన్ను తేరిపార చూసింది.

"నా పరిగె మీద కన్నేసినవా టీచరమ్మా?"

"గట్ల కాదు, జెర నా మాట ఇను..."

"సంచులల్ల కట్టినయి మీయి. కింద రాలినయి నాయి. మీ అత్త ఉన్నప్పుడు, పుష్పమ్మ ఏరుకుంటదని కావాలని నాలుగు కంకులు జారేసేది. నేనేమన్న బిచ్చమడిగిన్నా, పాతబియ్యం ఇస్తనంటున్నవు?"

కొంగు ముడేసుకుని వెళ్లిపోయింది. అప్పుడు గానీ సంగయ్య వాగు మీద నుంచి చూపు తిప్పలేదు.

మర్నాడు నిషిత సెంటర్‌కు రాలేదు. ఆమె గుడ్డు, పాలు అలాగే ఉండిపోయాయి. టీచరమ్మ పరిగె గుంజుకోబోయిందని ఊరంతా అనుకుంటున్నారని మా ఆయా చెప్పింది. ఆ చేతి అన్నం తినొద్దని పుష్పమ్మ కోడలిని ఆపేసిందట. కడుపుతో ఉన్న పిల్లకు మంచి అన్నం మాన్పించి, చెడ్డ అన్నం తినే దాకా తెచ్చింది నా అబద్ధం. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

ఇంటికి రాగానే రాత్రికి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, కొట్టంలోకి పోయి బోర్డు బయటికి లాగాను.

"ఏం జేస్తున్నవే?" అన్నాడు సంగయ్య.

"పుష్పమ్మకు చెప్పొస్త."

"చెప్తే అయిపోయినం. ఆయితారం బీరంగూడోళ్లు వస్తున్నరు. గుప్పెడు కంకులు తింటే మనిషి సస్తడా? ఏండ్ల తరబడి తింటేనే అని మేడమ్ గూడ అన్నది."

"నీ బిడ్డ కడుపుతోని ఉంటే గీ మాట అంటవా?"

భయంతో అతని ముఖం పాలిపోయింది. నాకు జాలేసింది, జాలేసినందుకు ఇంకా కోపమొచ్చింది. బోర్డు ఆయన కాళ్ల దగ్గర పడేసి, బియ్యం డబ్బాలోంచి ఒక సంచి నింపుకుని బయల్దేరాను.

పుష్పమ్మ ఇంట్లో పొయ్యి మీద గిన్నె ఉంది. కొత్తబియ్యం వాసన వాకిట్లోనే తగిలింది. ఎంత కమ్మగా ఉందో చెప్పలేను. నిషిత పీట మీద కూర్చుని, ఖాళీ కంచం ముందు పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఇంకా ముద్ద నోట్లో పెట్టలేదని తెలిసి నా ప్రాణం కుదుటపడింది.

"మల్లెందుకొచ్చినవు?" అంది పుష్పమ్మ.

గడపలో నిలబడే అంతా చెప్పేశాను. వాగు నీళ్లు, పరీక్ష, బోర్డు, బర్రెల కొట్టం, ఏదీ దాచలేదు. పక్కింటి ఐలన్న గోడ మీద నుంచి వింటున్నాడని తెలుసు. వినాలనే గొంతు పెంచాను. రేపటికి ఊరంతా మా వాకిట్లో ఉంటుంది, ఉండనీ అనుకున్నాను.

నిషిత కంచం పక్కకు జరిపి రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. పుష్పమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. గిన్నె దింపి, పెరట్లో గుంత తవ్వి, అన్నమంతా అందులో పోసి మన్ను కప్పింది. చేతులు కడుక్కుని వచ్చింది.

"గీ మాట నిన్ననే చెప్తే నేనేమన్న అందునా?"

సంచి ఆమె ముందుకు జరిపాను. "ఇవి తీస్కో. బిచ్చం కాదు, నీ పరిగెకు బదులు."

ఆమె సంచి మూతి విప్పి, పిడికెడు బియ్యం తీసి వెలుతురులో చూసింది.

"గివి ఏ మడివి?"

పై మడివే అనబోయాను. నోరు రాలేదు. పోయినేడు మిషన్ రెండు మళ్లనూ ఒకే పూట కోసింది. వడ్లన్నీ ఒకే టార్పాలిన్ పట్టా మీద, ఒకే కుప్ప. ఆ కుప్ప పక్కన కాపలాకు మంచమేసుకుని కూర్చున్నది నేనే. పై మడివే అని సంగయ్య అన్న రోజు కూడా ఆ కుప్ప నా కళ్ల ముందు ఆడింది.

"రెండూ కలిసినయి" అన్నాను.

పుష్పమ్మ పిడికిట్లో బియ్యాన్ని తిరిగి సంచిలో పోసింది. మూతి బిగించి ముడేసి, సంచిని నా కాళ్ల దగ్గర పెట్టింది.

"నీ బిడ్డ కాలేజీ బస్సు వచ్చే యాళ్లయింది" అంది. "పో. ముందుగాల పోయి, నీ పొయ్యి మీద గిన్నె దించు."