పద్నాలుగు వందల పన్నెండో బిట్టు

పద్నాలుగు వందల పదకొండు దాకా ఎర్ర పెన్ను ఎక్కడా తడుముకోలేదు. బాలకిషన్ చూపుడువేలును లైను కింద జరుపుకుంటూ, పెదవులతో చదువుకుంటూ, ఒక్కో బిట్టు పక్కన టిక్కు పెడుతూ వస్తున్నాడు. పద్నాలుగు వందల పన్నెండు దగ్గర వేలు ఆగింది. కాంతికంటే వేగంగా ప్రయాణించగల కణం ఏది? ఎలక్ట్రాన్, ప్రోటాన్, న్యూట్రినో, ఏదీ కాదు. కీలో జవాబు, న్యూట్రినో. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత ప్రతి ముద్రణకూ చేసే పనే చేశాడు. కిటికీ వంక చూస్తూ టిక్కు పెట్టేశాడు.

అశోక్‌నగర్ సందులో జిరాక్స్ షాపు పైనున్న ఆ ఇరుకు గదిలో ఆయనకిది ముప్పయ్యో ఏడు. నారాయణగూడ కాలేజీలో ఫిజిక్స్ చదివి, ఏడుసార్లు గ్రూప్స్ రాసి, ఏడుసార్లూ తప్పి, చివరికి పరీక్షలు రాసేవాళ్ళకి బిట్లు రాసిపెట్టే పనిలో కుదిరాడు. కోచింగ్ సెంటర్ యజమాని జైపాల్ పేరుతో వచ్చే నీలం అట్ట జనరల్ సైన్స్ పుస్తకంలో ఐదువేల బిట్లూ బాలకిషన్‌వే. లోపల ఎక్కడా ఆయన పేరు ఉండదు. రోజూ రాంనగర్ నుంచి నడిచొచ్చే దారిలో, పేవ్‌మెంట్ మీద పిల్లలు ఆ పుస్తకం చదువుతూ కనిపిస్తే మాత్రం కాస్త నెమ్మదిగా నడుస్తాడు. ఆ మాత్రం గర్వం ఆయనకి ఉంది. ఈ ఒక్క బిట్టు గుర్తొస్తే అడుగు వడివడిగా పడుతుంది.

అది పద్నాలుగేళ్ళ కిందటి సంగతి. జెనీవా దగ్గర బయలుదేరిన న్యూట్రినోలు భూమిలోంచి ఏడువందల ముప్పై కిలోమీటర్లు దూసుకుపోయి, ఇటలీలో కాంతికంటే రవ్వంత ముందే చేరాయని పేపర్లో వచ్చింది. చిక్కడపల్లి లైబ్రరీలో ఆ వార్త చదివి బాలకిషన్ ఉత్సాహంతో ఊగిపోయాడు. ఆ సాయంత్రం చాయ్ హోటల్లో కాలేజీ నాటి దోస్తు, ఫిజిక్స్ లెక్చరర్ రాజశేఖర్ మాత్రం చల్లగా తల అడ్డంగా ఊపాడు.

"జర ఆగు బాలకిషన్. మా లెక్కల తప్పెక్కడున్నదో చూడుండ్రని వాళ్ళే అడుగుతున్నరు కద."

"కొత్తది ఒప్పుకోవాలంటె నీకు భయమే."

"భయం కాదు. కొలతను ఇంకోసారి కొలవాలె. గంతే."

చాయ్ చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. తెల్లారి బాలకిషన్ బిట్టు తయారుచేశాడు, జైపాల్ అట్ట మీద 'లేటెస్ట్' అని వేయించాడు. నెల తిరక్కుండా మిగతా సెంటర్లవాళ్ళూ దాన్ని ఎత్తి తమ పుస్తకాల్లో పెట్టుకున్నారు. తర్వాతి ఏడాదే అసలు సంగతి బయటపడింది. ఒక కేబుల్ సరిగ్గా బిగించలేదట. దాంతో కాలం తప్పుగా నమోదైందట. ఆ శాస్త్రవేత్తలు ఆ సంగతి ప్రపంచం ముందే ఒప్పుకున్నారు, బృందాన్ని నడిపినవాళ్ళు బాధ్యతల నుంచి తప్పుకున్నారు కూడా. బాలకిషన్‌కి మాత్రం జైపాల్ ఒక్కడి ముందు నోరు పెగల్లేదు. పుస్తకాలు అమ్ముడుపోనీ, తర్వాతి ముద్రణలో చూద్దాంలే అనుకున్నాడు. అప్పటినుంచి ఇది ఎనిమిదో ముద్రణ. రాజశేఖర్ ఎదురుపడతాడేమోనని ఆ చాయ్ హోటల్‌కి వెళ్ళడమూ మానేశాడు.

పన్నెండున్నరకి సమ్మక్క మెట్లెక్కి వచ్చింది. ఆరేళ్ళుగా సందు చివరి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న పిల్ల, పిల్ల అన్నమాటే గానీ ముప్పై దాటాయి. భుజాన నిండు బ్యాగు, చేతిలో నీలం అట్ట పుస్తకం.

"పోతున్న సార్. రెండు గంటలకు బస్సు."

"రిజల్టు ఏమయింది బిడ్డా?"

"ఒక్క మార్కుల పోయింది. సైన్సుల."

బస్సు నంబరు చెప్పినట్టు చెప్పింది. ఏ బిట్టు అని అడగాలి. అడిగితే జవాబొస్తుంది. బాలకిషన్ ప్రూఫు కాగితాలను అవసరం లేకపోయినా సర్దాడు.

"మళ్ళొక్కసారి రాయరాదు?"

"ఆరేండ్లాయె సార్. ఇగ చాలు. ములుగుల ఒక ప్రైవేటు బడిల సైన్స్ చెప్పమన్నరు." పుస్తకం బల్ల మీద పెట్టింది. "మీ బుక్కు లేకుంటె నేను గీడిదాక గూడ రాకపోదును. కొనుక్కోలేనోళ్ళు ఎవరన్న ఉంటె ఇయ్యుండ్రి."

ఆమె ఆయన కాళ్ళకి దండం పెట్టడానికి వంగింది. ఆయన చటుక్కున పాదాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు. సమ్మక్క నవ్వి, నేలను తాకి ఆ చేయి కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందికి దిగి, జిరాక్స్ మిషన్ రొదలో కలిసిపోయింది.

బాలకిషన్ కాసేపు పుస్తకం ముట్టుకోలేదు. ఆ తర్వాత వెతక్కుండానే ఆ పేజీ తీశాడు. మూల మడతపెట్టి ఉంది. అంచున పెన్సిల్ రాత: 'కేబుల్ లూజ్. రిజల్ట్ తప్పంట. సార్‌ను అడగాలె.' ఆ మాటలన్నీ అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. వాటి కింద నీలం పెన్నుతో: 'అడిగిన. బుక్కుల ఉన్నదే కరెక్ట్ అన్నడు.'

బాలకిషన్‌కి తల కొట్టేసినట్టయింది. నిరుడు వానల్లో, ఇవే మెట్ల మీద అడిగింది. పక్కన జైపాల్ ఉన్నాడు. 'నెట్టుల మస్తు రాస్తరు బిడ్డా, బుక్కుల ఉన్నదే చదువు' అని తానే అన్నాడు. దాన్ని ఆయన మరిచిపోయాడు. ఆమె రాసిపెట్టుకుంది. ఇందాక ఆ మాటే ఎత్తలేదు.

చెప్పులు వేసుకోకుండానే కిందికి పరుగెత్తాడు. ఆమె ఎక్కిన ఆటో అప్పటికే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వైపు మలుపు తిరిగిపోయింది. ఆమె ఫోన్ నంబరు ఆయన ఎప్పుడూ అడగలేదు. రేపు ఆ బడిలో ఏ పిల్లవాడో కాంతికంటే వేగమైనది ఏదని అడిగితే, ఆమె తన సార్ మాటే చెబుతుంది.

పైకొచ్చి, ప్రూఫులో న్యూట్రినోను కొట్టేసి 'ఏదీ కాదు' అని రాశాడు. కాగితాల కోసం వచ్చిన జైపాల్ అది చూశాడు.

"ఏంది సార్, ఇన్నేండ్ల సంది ఉన్న జవాబు?"

"తప్పు. పదమూడేండ్ల సంది నాకు తెలుసు."

జైపాల్ తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఎవ్వరికి చెప్పకుండ్రి. చుప్‌చాప్ మార్చేయుండ్రి."

కాగితాలు తీసుకుని వెళ్ళిపోయాడు. అంత తేలిగ్గా అయిపోయే పని అని తెలిసి బాలకిషన్‌కి ఇంకా సిగ్గేసింది. సాయంత్రం దాకా, కొనుక్కోలేక పాత పుస్తకాలు అడిగేవాళ్ళు ముగ్గురు వచ్చారు, ముగ్గురికీ లేవని చెప్పి పంపాడు. ఆరేళ్ళ చెమట చేతులకి మూలలు మెత్తబడ్డ ఆ నీలం అట్ట పుస్తకం, ఒక పేజీ మడతతో బల్ల మీద అలాగే ఉంది.