పాతర లోపలి పాట

మారెప్ప పాతరలోకి దిగాడంటే పాడుతూనే ఉండాలి. అది ఆయన భార్య ఈరమ్మ పెట్టిన కట్టడి. పాట వినిపిస్తున్నంతసేపూ మనిషి బాగున్నట్టు. ఆగితే నడుముకు కట్టిన తాడు పట్టి పైకి గుంజేయాలి.

ఆ రోజుల్లో ఆదోని సావుకార్లు జొన్నలను నేల కింద పాతరల్లో దాచేవారు. పైన మనిషి పట్టేంత మూతి, లోపల పెద్ద కాగు కడుపులాంటి గుంత. చుట్టూ చొప్ప పరిచి, జొన్నలు నింపి, మూతి మీద బండ పెట్టి మట్టి మెత్తితే ఏళ్ల తరబడి గింజ చెడదు. గాలి మాత్రం చెడుతుంది. అందుకే బండ తీసిన రోజు ఎవరూ దిగరు. మరునాడు దీపం దించి చూస్తారు. దీపం ఆరిపోతే ఆగుతారు. వెలిగితే మారెప్పను దిగమంటారు. మారెప్ప వాళ్ల అన్న అయ్యన్న కోసిగిలో అలా వెలిగిన దీపాన్నే నమ్మి దిగాడు. ఆయన్ను శవంగా పైకి తీశారు. ఈరమ్మ కట్టడి పెట్టింది ఆ తర్వాతే.

వాళ్ల ఒక్కతే కూతురు ఉరుకుందమ్మ. ఒక్కటి తప్ప ఆ పిల్లకు వచ్చిన పాటలన్నీ పాతర మూతి దగ్గర కూర్చుని నేర్చుకున్నవే.

మొదటిది పూరేడుపిట్ట పాట. తల్లి పైనుంచి అడిగేది, తండ్రి లోపలినుంచి బదులు చెప్పేవాడు.

"పూరేడమ్మా, పూరేడమ్మా, యాడికి పోతివే?"

"జొన్నసేను నడిమిట్ల గూడు కడితినే."

"గూటిలోన ఏముండాది, నాకు సెప్పవే?"

"గుడ్లుండాయి, పిల్లలుండాయి, గుట్టు సెప్పనే."

నేల మాట్లాడుతున్నట్టు నాన్న గొంతు వస్తుంటే ఉరుకుందమ్మ చప్పట్లు కొట్టి నవ్వేది. ఆటే అనుకుంది. ఒకరోజు తల్లి అడిగినదానికి బదులు రాలేదు. తల్లి మళ్లీ అడిగింది. లేదు. పిల్ల తల్లి ముఖం చూసింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి, కళ్లు మూతిలోకి గుచ్చుకుని ఉన్నాయి. ఈరమ్మ లేచి కాళ్లు తన్నిపెట్టి తాడు గుంజడం మొదలుపెట్టింది.

"ఓయ్, ఆగు!" లోపలినుంచి మారెప్ప కేక వేశాడు. "తుమ్మొస్తే తుమ్ముకోనీవా?"

ఈరమ్మ కూలబడి, ఏడుస్తూ రెండు చేతులతో నేలను బాదింది. అది ఆట కాదని ఉరుకుందమ్మకు ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత ఇంట్లో పడుకోబెట్టడానికి తండ్రి ఆ పాటే పాడితే పిల్ల నిద్రపోయేది కాదు. కునుకు పట్టిందని ఆయన గొంతు ఆపితే చాలు, ఉలిక్కిపడి లేచి కూర్చునేది.

రెండో పాట రాయచూరు సీమది. వానలు లేని ఒక ఏడాది కోసిగి వాళ్లతో కలిసి పత్తి ఏరడానికి పోయారు. రావే అక్కా, రావే చెల్లీ అని అక్కడి కూలివాళ్లు సగం కన్నడంలో పాడేవారు.

"బారే అక్కా, బారే తంగీ, పత్తి ఇచ్చుకున్యాది."

మారెప్ప కూడా గొంతు కలిపేవాడు, ఎండలో, అందరికీ కనబడుతూ. పాట ఆపాడంటే నీళ్లు తాగుతున్నాడని అర్థం. ఎవరూ తాడు గుంజనక్కర్లేదు. ఉరుకుందమ్మ భయం లేకుండా నేర్చుకున్న పాట అదొక్కటే. అదీ ఎంతోకాలం మిగల్లేదు. ఆదోనికి తిరిగి రాగానే తండ్రి దాన్ని కూడా పాతరలోకి తీసుకుపోయాడు.

ఆ పిల్ల పెద్దదయ్యే నాటికి ఆదోనిలో టెంటు సినిమా వచ్చింది. టెంటు మీద కట్టిన మైకులోంచి పాటలు వీధి చివరిదాకా వినిపించేవి. మారెప్ప రాగం పట్టుకునేవాడు గాని మాటలు గుర్తుండేవి కావు. మాటలు మరిచిన చోటల్లా "ఈరమ్మా, ఈరమ్మా" అని పూరించేవాడు. పాతర చుట్టూ ఉన్న కూలివాళ్లు పడీపడీ నవ్వేవారు.

ఒకసారి పక్కింటి ఉచ్చీరమ్మ ఉరుకుందమ్మను సినిమాకు తీసుకుపోయింది. తెర మీద పాట జరుగుతుండగా రీలు తెగింది. జనం ఈలలు వేశారు. ఉరుకుందమ్మ మాత్రం లేచి నిలబడి, తాడు గుంజబోయినట్టు రెండు చేతులతో గాలిని పట్టుకుంది.

"ఏమైందే నీకు? రీలు తెగినాది, అంతే. కూసో," అని ఉచ్చీరమ్మ కొంగు లాగింది. ఆమె కూర్చుంది. తిరిగి పాట మొదలైనా అది ఆమె చెవికెక్కలేదు.

ఈరమ్మకు వినికిడి తగ్గింది కూడా ఆ రోజుల్లోనే. ఎవరికీ చెప్పలేదు. ఒక పాతర దగ్గర మారెప్ప పత్తి పాట పాడుతుంటే ఈరమ్మ పైనుంచి పూరేడుపిట్టనే అడుగుతూ ఉంది. ఉరుకుందమ్మ తల్లి చేతిలోని తాడు మెల్లగా తీసుకుంది. తల్లి ఇచ్చేసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఎమ్మిగనూరులో ఈ చెప్పబోయే సంగతి జరిగేనాటికి ఉరుకుందమ్మ పదహారేళ్ల పిల్ల. కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన తర్వాతి మాట. ఆదోని సావుకారు ఇంద్రసేనయ్యకు ఎమ్మిగనూరులో ఒక ఇల్లు, పెరట్లో ఒక పాత పాతర ఉండేవి. మూసి చాలా ఏళ్లయింది. వానలు ముదిరేలోగా తీయించాలని ఆయన మారెప్పకు కబురు పెట్టాడు. ఈరమ్మను ఇంటి దగ్గర వదిలి తండ్రీకూతుళ్లు గిడ్డయ్య బండిలో వచ్చారు. గిడ్డయ్య బండి తోలేవాడు, భారీ మనిషి, మారెప్పకు స్నేహితుడు.

ముందురోజే బండ తీశారు. పొద్దున దీపం దించితే నిలకడగా వెలిగింది. ఉరుకుందమ్మకు మాత్రం నచ్చలేదు. మూతిలోంచి పులిసిన గంజి వాసన వస్తోంది.

"నాయనా, ఇంగొక రోజు సూద్దాం."

"మబ్బు సూడు. వాన లోపలికి దిగితే గింజంతా పాయె," అని మారెప్ప తాడు కట్టుకుని దిగాడు.

పాట మొదలైంది. ఆమె అడిగింది, ఆయన బదులిచ్చాడు. గంపలు పైకి వచ్చాయి. గిడ్డయ్య, ఆ ఊరి కూలివాళ్లు జొన్నలు గోతాల్లో పోస్తున్నారు. పూరేడు అయిపోయి పత్తి పాట వచ్చింది, తర్వాత సినిమా పాట. ఉరుకుందమ్మ మూతి అంచున బోర్లా పడుకుని వింటోంది. సినిమా పాట సగంలో తండ్రి పత్తి పాటలోకి పోయాడు. "బారే ఈరమ్మా" అన్నాడు. కూలివాళ్లు నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. ఆ మాట తాగినవాడి మాటలా సాగుతోంది.

"నాయనా! పైకి రా!"

"గూడు... గూడు కడితినే..."

ఆమె తాడు గుంజింది. తాడు అలవోకగా వచ్చేసింది. దాని చివర మనిషి లేడు.

పాట ఆగిపోయింది.

"గిడ్డయ్య మామా!" ఆమెకు తన గొంతే కొత్తగా వినిపించింది. "నాయన తాడు ఇప్పేసినాడు. పలకల్యా!"

గిడ్డయ్య గోతం పారేసి పరుగెత్తుకొచ్చి మూతిలో కాళ్లు పెట్టబోయాడు. ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"నువ్వొద్దు మామా. నువ్వు పైనుంటే మా ఇద్దరినీ గుంజుతావు. నువ్వు పడిపోతే నిన్ను నేను గుంజలేను."

ఇంద్రసేనయ్య ఇంట్లోంచి కంబళి తెచ్చాడు. తడిపి, మూతిలో పైకీ కిందికీ ఊపితే లోపలి గాలి కదులుతుంది. ఒక కొస సావుకారే పట్టుకున్నాడు. "దేవుడా, దేవుడా," అని ఒకటే గొణుగుడు. గిడ్డయ్య బండి తాడు తెచ్చి ఉరుకుందమ్మ నడుముకు బిగించాడు. తండ్రి తాడును కూడా లోపలికి వదిలారు.

"పాడతా ఉండు పాపా. నిలిస్తే గుంజుతా."

ఆమె నోరు తెరిచింది. ఒక్క పాటా రాలేదు. పుట్టినప్పటినుంచి విన్నవన్నీ ఎటో పోయాయి.

"ఏందో ఒగటి పాడు!" గిడ్డయ్య అరిచాడు. తర్వాత తనే, పొద్దుటినుంచి విన్నది గుర్తు తెచ్చుకుని, రాగం లేకుండా అడిగాడు. "పూరేడమ్మా, పూరేడమ్మా, యాడికి పోతివే?"

"జొన్నసేను నడిమిట్ల..." అంటూ ఆమె దిగింది.

లోపల వేడి. కళ్లు మండాయి. జొన్నల్లో మోకాళ్లదాకా కూరుకుపోయింది. ఎంత గాలి పీల్చినా చాలడం లేదు. ఎదుటి మూలలో తండ్రి చొప్ప వైపు ముఖం పెట్టి పక్కకు ఒరిగి ఉన్నాడు. నోరు తెరిచే ఉంది. బతికున్నాడో లేదో చూడాలంటే భయమేసింది, చూడలేదు. చంకల కింద తాడు దూర్చింది. ముడి వేయబోతే వేళ్లు తనవి కానట్టు జారిపోయాయి.

"గూటిలోన ఏముండాది?" పైనుంచి గిడ్డయ్య.

"గుడ్లుండాయి..."

ముడి పడింది. పళ్లతో బిగించింది.

"ఏముండాది పాపా? సెప్పు!"

బదులు ఏమిటో ఆమెకు తెలుసు. నోటిదాకా వచ్చింది. పైన గుండ్రంగా ఉన్న వెలుతురు చిన్నదవుతూ పోయింది.

కళ్లు తెరిచేసరికి పెరట్లో, బురదలో ఉంది. ముఖం మీద వాన చినుకులు పడుతున్నాయి. కడుపులోదంతా కక్కుకుంది. పాకుతూ మూతి దగ్గరికి పోయింది. గిడ్డయ్య, కూలివాళ్లు, సావుకారు అందరూ రెండో తాడు గుంజుతున్నారు. తాను వేసిన ముడి నిలుస్తుందా? గట్టిగా వేశానా, వేశాననుకున్నానా? తండ్రి తల పైకి వచ్చేదాకా ఆమె ఆ తాడునే చూస్తూ ఉండిపోయింది.

సావుకారు భార్య అలివేలమ్మ నీళ్లు చల్లింది. గిడ్డయ్య రొమ్ము రుద్దాడు. చాలాసేపు ఏమీ లేదు. ఒక కూలివాడు తలగుడ్డ తీసేశాడు. అది చూసి ఉరుకుందమ్మ కెవ్వున అరిచింది. ఆ అరుపుకో, నీళ్లకో, మారెప్ప దగ్గాడు.

మాట రావడానికి మధ్యాహ్నం దాటింది.

"తాడు సాలల్యా. మూలకు అందల్యా. ఇప్పినా," అన్నాడు.

"సాలకుంటే అడగాల కదా! పైన నేనుండా కదా!" ఆమె తండ్రి రొమ్ము మీద గుద్దింది, ఆ రొమ్ము మీదే తల పెట్టి ఏడ్చింది. "పాట నిలిపేసినావు నాయనా."

మారెప్ప ఆశ్చర్యంగా కూతురి వైపు చూశాడు.

"నేను నిలపల్యా పాపా. పాడతానే ఉండాననుకున్యా."

మర్నాడు ఆదోనికి బండి కట్టారు. మారెప్ప గడ్డి మీద పడుకుని వెంటనే నిద్రపోయాడు. ఆమెను కాస్త తేలికపరుద్దామని గిడ్డయ్య ఏదో కూనిరాగం తీశాడు.

"పాడొద్దు మామా," అంది ఉరుకుందమ్మ. దారి పొడుగునా అరచెయ్యి తండ్రి ముక్కు కింద పెట్టుకునే కూర్చుంది. చెయ్యి తిమ్మిరెక్కితే రెండో చెయ్యి పెట్టింది.

మారెప్ప తిరిగి పాతరలోకి దిగలేదు. ఇంద్రసేనయ్యే చెప్పి పత్తి మిల్లులో పని ఇప్పించాడు. రోజూ సద్ది తీసుకుని ఉరుకుందమ్మ అక్కడికి పోయేది. మిల్లు మోతలో పక్కవాడి కేక కూడా వినబడదు. తండ్రి దూది కుప్పల మధ్య తెల్లగా తిరుగుతూ ఉండేవాడు. పెదవులు కదులుతుండేవి. ఏ పాటో తెలిసేది కాదు. ఆయన తలెత్తి చెయ్యి ఊపేదాకా ఆమె వాకిలి దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడేది.