తలుపా, కిటికీయా

అమ్మ పోతూ పోతూ వీధి గదిని మా ఇద్దరి పేరా రాసి పోయింది. నేను అందులో జాకెట్లు కుడతాను. తమ్ముడు ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తాడు. మొదట్లో బాగానే ఉండేది. తర్వాత వాడి పాత మోటార్లు నా కిటికీ దాకా పాకాయి. నేను కుట్టిన బట్టలకు వాడి గ్రీజు అంటుకుంది. కప్పు కారుతుంటే వాడు బాగుచేయిస్తాడని నేను, నేను చేయిస్తానని వాడు చూస్తూ కూర్చున్నాం. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా!

చివరికి ప్లీడరు దగ్గరికి పోయాం. చెరిసగం హక్కే అయినా, పంచుకునేదాకా గదిలో ప్రతి అంగుళమూ ఇద్దరిదీ అన్నాడాయన. ఒకరినొకరు పొమ్మనడానికి లేదట. ఆ మాట విని ఇద్దరం గెలిచినట్టే తిరిగొచ్చాం. నేను బల్ల జరిపితే వాడు "అంగుళం" అనేవాడు. వాడు స్టూలు జరిపితే నేను "అంగుళం" అనేదాన్ని. కొన్నాళ్ళకు నాలో కోపం కూడా అడుగంటి, ఒట్టి అలసట మిగిలింది. గోడ కట్టి పంచుకుందామన్నాను. వాడూ సరేనన్నాడు.

మేస్త్రీ వచ్చి నేల మీద అడ్డంగా సుద్దగీత గీశాడు. గీసి, చుట్టూ చూసి, తల గోక్కున్నాడు. గదికి ముందువైపు ఒక్క తలుపు, వెనకవైపు మురిక్కాలవ మీదికి ఒక్క కిటికీ. మిగతా రెండు గోడల అవతలా పక్కవాళ్ళ ఇళ్ళే.

"అమ్మా, మీకు తలుపు కావాలా, కిటికీ కావాలా?"

తలుపు తీసుకుంటే, ఎదుటి మేడ నీడలో సూదిలో దారం ఎక్కించడానికి వెలుతురుండదు. నా కళ్ళు ఇప్పటికే సరిగా ఆనడం లేదు. కిటికీ తీసుకుంటే నా కుర్చీ దాకా పోవడానికి రోజూ తమ్ముణ్ణి దారి అడుక్కోవాలి. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్ళు వాడి మోటార్లు దాటుకుని వస్తారా? ఎటు చూసినా నా పొట్ట మీద నేనే కొట్టుకోవడం. మేస్త్రీ రెండోసారి అడిగేసరికి ఏడుపొచ్చింది. తమ్ముడు గీతకు అవతల నిలబడి నా మొహమే చూస్తున్నాడు.

"గోడ వద్దు," అన్నాను.

"రేపు మళ్ళీ కొట్టుకోవాలిగా, అక్కా." వాడి గొంతులో కోపం లేదు, నీరసమే ఉంది.

"కొట్టుకుందాం. గోడ లేస్తే ఆ మాటలు కూడా ఉండవురా. అమ్మ పోయాక తిట్టడానికి నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?"

వాడు మేస్త్రీని పంపేసి వచ్చి, గీత దగ్గరే నేల మీద చతికిలబడ్డాడు. అటు కూర్చున్నాడో ఇటు కూర్చున్నాడో చూసే ఓపిక నాకు లేకపోయింది.