సాక్ష్యం చెప్పినవాడి బిళ్ళలు

ఎస్తేరుకు కోపం వస్తే నకరికల్లు సెంటర్లో బస్సు దిగినవాళ్ళకు కూడా తెలుస్తుందని పేటలో అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ శనివారం పొద్దున ఆమె జయపాల్ ఇంటి ముందు నిలబడి వేసిన కేకలకు, మిరపకోతకు కూలీలతో బయల్దేరిన ట్రాక్టరు ఆగిపోయింది. కూలీలు తొంగి చూశారు గాని ఒక్కరూ దిగలేదు.

"ఒరేయ్ జయపాలూ! బయటికొస్తావా, నన్నే లోపలికి రమ్మంటావా?"

జయపాల్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ముప్పై నిండని మనిషి. మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. వెనక నుంచి భార్య శాంతి, మూడేళ్ళ కూతుర్ని చంకనేసుకుని, కళ్ళతోనే ఎస్తేరును బతిమాలుతోంది. తెల్లారగట్ల ఆ తువ్వాలు మీద నెత్తురు మరక చూసి, ఏడుస్తూ వచ్చి ఆమెను పిలిచింది శాంతే.

జయపాల్‌కు టీబీ. పోయిన చలికాలంలో దగ్గు పట్టుకుంది. మనిషి ఎండి పుల్లయిపోయాడు. గవర్నమెంటు నర్సమ్మ పేటకు వచ్చి, ఆర్నెల్లు బిళ్ళలు వాడాలనీ, రోజూ ఎవరో ఒకరు దగ్గరుండి మింగించాలనీ చెప్పింది. ఎవరుంటారని అడిగింది. చర్చి స్త్రీల కూడికలో సేవ, సేవ అని గొంతులు చించుకునే ఆడవాళ్ళంతా కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్ళకు ఉన్నట్టుండి పొలం పనులు గుర్తుకొచ్చాయి. ఒళ్ళు మండిపోయి, "నేనుంటా, రాసుకో" అంది ఎస్తేరు.

ఆమెకు మొగుడు లేడు, పిల్లల్లేరు. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీసే పని. నలుగురిలో ప్రార్థన చేయమంటే రెండు ముక్కలకే ఆమెన్ అనేస్తుంది. వచ్చిందల్లా చాకిరీ. రోజూ పనికి పోయేముందు జయపాల్ ఇంటికి వెళ్ళి, పరగడుపున వాంతి చేసుకుంటాడని గ్లాసుడు రాగిజావ తాగించి, బిళ్ళలు మింగించి, అతను ఉమ్మిన డబ్బా తనే కడిగేది. శాంతి సిగ్గుపడి డబ్బా లాక్కోబోతే, "నీకు బిడ్డుందే, అవతలికి పో" అని కసిరేది.

రెండు నెలలు తిరిగేసరికి జ్వరం పోయింది. దగ్గు తగ్గింది. బుగ్గలు వచ్చాయి. అప్పుడొచ్చింది తంటా.

ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరు దానియేలు జయపాల్ తలకు నూనె రాసి ప్రార్థించాడు. అది తప్పు కాదు. ఎస్తేరు కూడా ఆ రోజు మోకాళ్ళ మీదే ఉంది. కానీ ఆదివారం సాక్ష్యాల వేళ జయపాల్ లేచి, "దేవుడు నన్ను ముట్టాడు, నాకింక ఏ మందూ అక్కర్లేదు" అన్నాడు. చర్చి కప్పు లేచిపోయేలా హల్లెలూయా అన్నారు. ఎవరో ఫోన్లో తీశారు. ఆ వీడియో మాచర్ల నుంచి గుంటూరు దాకా తిరిగింది. అదే సాయంత్రం జయపాల్ బిళ్ళలన్నీ తీసుకెళ్ళి సాగర్ కాలవలో విసిరేశాడు.

ఆ సంఘంలో సాక్ష్యమంటే తమాషా కాదు. ఒకసారి లేచి చెప్పాక అది రిజిస్ట్రీ అయిపోయినట్టే. వెనక్కి తీసుకుంటే తన మాట కాదు పోయేది, దేవుడి పరువు పోతుందని వాళ్ళ భయం. అందుకే మూడు వారాలకే దగ్గు తిరగబెట్టినా, ఎస్తేరు అడిగితే బాగానే ఉందంటూ జయపాల్ తువ్వాల్లో దగ్గుకున్నాడు తప్ప నోరు విప్పలేదు.

"ఇయ్యిగో, నర్సమ్మను నిద్రలేపి, కాళ్ళు పట్టుకుని మళ్ళీ తెచ్చా," అని ఎస్తేరు బిళ్ళల అట్ట అతని మొహం ముందు ఆడించింది. "ఆపి నెల దాటకముందే మళ్ళీ మొదలుపెట్టాలంట. దాటితే రోగం మొండికేసుద్దంట, ఈ మందుకు లొంగదంట. మింగు."

"నా వల్ల కాదు పెద్దమ్మా. అంతమందిలో చెప్పినా గదా. ఇప్పుడు మింగితే దేవుణ్ణి అబద్ధాలకోరును చేసినట్టు కాదా?"

"నెత్తురు కక్కుతా కూడా ఏం మాటల్రా అయ్యి? రాత్రిళ్ళు నీ బిడ్డ నీ పక్కలోనే గదరా పడుకునేది!"

జయపాల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల మాత్రం అడ్డంగానే ఊపాడు. "అయ్యగారు చెప్తే మింగుతా," అన్నాడు. శంఖంలో పోస్తేగాని తీర్థం కాదంటారు చూడండి, అదీ వరస.

ఎస్తేరు ఆ కాళ్ళతోనే చర్చి పక్కనున్న పాస్టరు ఇంటికి పోయింది. దానియేలు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆమెకు సగం కోపం తగ్గేది. కరోనాలో శవాలను మోసిన మనిషి. వరండాలో కూర్చుని చక్కెర లేని టీ తాగుతున్నాడు. పక్కన గోడకు నరసరావుపేటలో జరగబోయే స్వస్థత సభల పోస్టరు ఆనించి ఉంది. దాని మీద బుగ్గలొచ్చిన జయపాల్ ఫొటో నవ్వుతోంది.

"అయ్యగారూ, జయపాలు నెత్తురు కక్కుతున్నాడు. మందు మింగమని ఒక్క మాట చెప్పండి."

దానియేలు మొహం పాలిపోయింది. "మింగొద్దని నేనెప్పుడన్నానమ్మా?" అన్నాడు.

"మింగమని ఎప్పుడన్నారు?"

దానియేలు టీ గ్లాసు కింద పెట్టాడు. పోస్టరు వైపు చూశాడు. "చానామంది ఆ సాక్ష్యం విని విశ్వాసంలోకి వచ్చారమ్మా. ఇప్పుడు నేనే మందు మింగమంటే వాళ్ళు తొట్రిల్లరా?"

"వాడు సస్తే తొట్రిల్లరా?"

"అట్టా అనొద్దు. ప్రార్థన చేద్దాం."

"చేసే వచ్చినా. అయ్యగారూ, పొద్దున్నే షుగరు బిళ్ళ ఏసుకున్నారా?"

"ఆఁ, ఏసుకున్నా."

"మీ బిళ్ళ దేవుడిచ్చిందీ, వాడి బిళ్ళ సైతానిచ్చిందీనా? మీకున్న తెలివి వాడికుండొద్దా? ఎన్ని తూర్లు ప్రసంగం చెప్పుంటారు, పడిపోయినోణ్ణి ఎత్తాలని! ఎత్తేదాన్ని నేను ఎత్తుతా ఉంటే, మీరు ఫొటో తీసి గోడకేశారు!"

దానియేలు తల దించుకున్నాడు గాని లేవలేదు. అరికాలి మంట నెత్తికెక్కి, ఎస్తేరు గేటు ధడాలున వేసి బయటపడింది. దారి పొడవునా దేవుణ్ణి కూడా వదల్లేదు. నీ పరువు కాపాడ్డానికి ఈ పిల్లోడే దొరికాడా అని తిట్టింది.

మర్నాడు ఆరాధన. ఆ చర్చిలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చుంటారు. సాక్ష్యాల వేళ కాగానే ఎస్తేరు లేచింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె సాక్ష్యం చెప్పింది లేదు. అందరూ తిరిగి చూశారు.

"సంఘానికి వందనాలు," అంది. "నా సాక్ష్యం ఏందంటే, జయపాలుకు దేవుడే బాగు చేశాడు. నేను కాదన్లా. ఎట్టా బాగు చేశాడో మీకెవురికీ తెలవదు, నాకు తెలుసు. రోజూ పొద్దున్నే నా చేత జావ కాపిచ్చాడు. నా చేత బిళ్ళలు మింగిచ్చాడు. ఆ ఉమ్ము డబ్బా నా చేత కడిగిచ్చాడు. దేవుడు చేసే పనిని మధ్యలో ఆపింది మనం. చప్పట్లు కొట్టి ఆపినాం. వాడికి రోగం తిరగబెట్టింది. నెత్తురు పడతా ఉంది. మీకు చెప్పలేక సస్తన్నాడు వాడు."

శాంతి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఎస్తేరు ఆడవాళ్ళ చాపలు దాటి మగవాళ్ళ వైపు నడిచింది. కాళ్ళు ముడుచుకుని జనం దారిచ్చారు. ఆమె జయపాల్ ఎదుట చతికిలబడి, కొంగున కట్టిన అట్ట విప్పి, బిళ్ళలు అరచేతిలో వేసుకుంది.

"తీసుకో."

జయపాల్ వేదిక వైపు చూశాడు. సంఘమంతా అటే చూసింది. దానియేలు రెండు చేతులతో బల్ల పట్టుకుని నిలబడి ఉన్నాడు. చివరికి బల్ల మీదున్న నీళ్ళ సీసా తీసుకుని మెట్లు దిగాడు. వచ్చి జయపాల్ పక్కన చాప మీద కూర్చున్నాడు. మూత తీసి సీసా అతని చేతికిచ్చాడు.

"మింగు నాయనా," అన్నాడు. "నేను ముందే చెప్పాల్సింది. తప్పు నాది."

జయపాల్ ఒక్కొక్కటిగా అన్నీ మింగాడు. చివరి బిళ్ళ దిగాక తువ్వాల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. వెనక వరసలోంచి ఎవరో, "దేవునికి స్తోత్రం!" అన్నారు.

ఎస్తేరు సర్రున తిరిగింది. "ఎవురది? స్తోత్రాలు తర్వాత చెప్పుకుందురు గాని! రేపు వీణ్ణి నరసరావుపేట పెద్దాసుపత్రికి తీసకపోవాల. దారెంటా దగ్గుతాడు, పట్టుకోవాల. నాతో ఎవురొస్తారో అది చెప్పండి ముందు!"

ఎవరి చాప వాళ్ళు చూసుకుంటున్నారు. దగ్గు చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"నేనొస్తానమ్మా," అన్నాడు దానియేలు, జయపాల్ వీపు నిమురుతూనే.

ఎస్తేరు అతని వైపు ఎగాదిగా చూసింది. ఆమె కోపం ఇంకా చల్లారలేదు.

"ఏడింటి బస్సు," అంది. "ఉమ్ము డబ్బా మీరు పట్టుకోవాల."