రాజన్న మీద పాడిన ఏడుపు పాట

పెళ్ళయి ఇరవై రెండు రోజులు. ఆ ఉదయం మా ఆయన తిలక్ నా జడలో కనకాంబరాలు తురమబోయి మూడుసార్లు నేల మీద పడేశాడు. నాకు నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే పగ తీర్చుకోవడానికి సదస్సుకు బయలుదేరాను.

నేను పనిచేసేది సూళగిరి దగ్గరి ఒక విశ్వవిద్యాలయంలో. జర్మన్ సంస్కృతితో పాటు ఫ్రెంచి, ఇటాలియన్, రుమేనియన్ లాంటి రొమాన్స్ భాషల సంస్కృతులనూ పరిశోధించే కేంద్రం మాది. రుమేనియా పల్లెల్లో చావింట పాడే ఏడుపు పాటలనూ మా బేరిగై పల్లె పాటలనూ పోల్చి రెండేళ్ళు కష్టపడి వ్యాసం రాశాను. పెళ్ళి సెలవు ముగించుకుని వచ్చేసరికి డైరెక్టర్ నాగేశప్ప దాన్ని సదస్సు పట్టికలో తన పేరు మీద వేసుకున్నాడు.

"కొత్త పెళ్ళికూతురివి. నీకెందుకు భువనమ్మా ఈ తలనొప్పి?" అన్నాడు.

పైవాళ్ళకు ఫిర్యాదు చేయవచ్చు. కానీ నాకు నలుగురిలో ఆయన ముఖం చూడాలని ఉంది.

బేరిగైలో ఎవరూ పోని ఇంట ఏడుపు పాట పాడరు. పాడితే చావును పిలిచినట్టే. అందుకే ఆ ఊళ్ళో ఏడుపు పాటలు పాడే కాళమ్మ నా రికార్డింగు కోసం, అంతకు వారం ముందు చచ్చిపోయిన తన ఎద్దు రాజన్న మీద పాడింది. ఆ సంగతి వ్యాసంలో ఇంకా చేర్చలేదు. నాగేశప్పకు నేనూ చెప్పలేదు.

సదస్సు రోజు కాళమ్మను, ఆమె భర్త లింగప్పను కారులో తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాను. రుమేనియా నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ వాళ్ళ పక్కనే ఉంది. "పోయినావా రాజన్నా, చేను దున్నేదెవరు" అని రికార్డింగు మోగింది.

నాగేశప్ప గొంతు వణికించాడు. "రాజన్న ఈ పాట పాడిన కాళమ్మ భర్త. ఆయన శవం పక్కన ఆమె ఏడుస్తా ఉంటే నేనే దగ్గరుండి రికార్డు చేసినాను."

లింగప్ప లేచి నిలబడ్డాడు. "ఏమప్పా, కాళమ్మ మొగుడు నేను. నేనెప్పుడు సచ్చినాను?"

"రాజన్న మా ఎద్దప్పా!" కాళమ్మ అరిచింది. "నువ్వు యాడొచ్చినావు మా ఇంటికి? వచ్చింది మా భువనమ్మ."

"ఎద్దు పోతే ఇంత ఏడ్చింది," అన్నాడు లింగప్ప జనం వైపు తిరిగి. "నేను పోతే ఏడుస్తాదో లేదో!"

హాలు పగిలేలా నవ్వారు. ఎవరో అనువదించి చెప్పినా ప్రొఫెసరమ్మ నవ్వలేదు. "ఈ వ్యాసం ఎవరిది?" అని అడిగింది. నాగేశప్ప మైకు ఆపేసి కాగితాలు సర్దుకున్నాడు.

మర్నాడు నన్ను గదిలోకి పిలిచాడు. "సదస్సు పుస్తకంలో నీ పేరు కూడా చేరుస్తానమ్మా."

"కూడా వద్దు సార్. నాదొక్కటే."

"కొంచెం ఆలోచించమ్మా..."

"ప్రొఫెసరమ్మ సాయంత్రం వరకు ఈడే ఉంటారు సార్. పిలుచుకు రానా?"

ఆయన కంప్యూటరు తెరిచాడు. తన పేరు ఒక్కో అక్షరం చెరుపుతుంటే కుర్చీ వెనకే నిలబడి చూశాను. నా పెళ్ళి ఓళిగలు కూడా అంత తియ్యగా లేవు.